చిన్న అడుగుల లండన్

లండన్‌లో పదకొండేళ్లు నిండని పిల్లలకు సిటీ బస్సులో టికెట్ లేదు. టికెట్ తీసుకున్న పెద్దలెవరైనా వెంట ఉంటే భూగర్భ రైల్లోనూ అక్కర్లేదు. ఒక్కో పెద్ద మనిషి వెంట నలుగురు పిల్లల దాకా ఉచితంగా ప్రయాణించవచ్చు. జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలకు పిల్లలకూ పెద్దలకూ కూడా రుసుము లేదు. ఆ రుసుమును 1999లో ముందు పిల్లలకు, 2001 డిసెంబరులో అందరికీ ఎత్తేశారు. నగరం నడిబొడ్డునే వందల ఎకరాల పార్కులున్నాయి. యూరప్ పెద్ద నగరాల్లో పిల్లల చేయి పట్టుకుని తిరగడానికి ఇంత వీలిచ్చేవి తక్కువే. అయితే హోటల్ గదుల ఖరీదు, స్టేషన్లలో మెట్లు, చెప్పకుండా వచ్చే వాన, నడవాల్సిన దూరాలు పెద్దల ఓపికనే పరీక్షిస్తాయి. ఇక పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

చాలా కుటుంబాలకు ఇబ్బంది ఎదురయ్యేది పట్టిక దగ్గర. పొద్దున బకింగ్‌హామ్ ప్యాలెస్, ఆ వెంటనే వెస్ట్‌మినిస్టర్, మధ్యాహ్నం టవర్, సాయంత్రం లండన్ ఐ అని పెద్దలు రాసుకుంటారు. మ్యాప్ మీద ఇవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఒక్క వెస్ట్‌మినిస్టర్ వంతెన దాటడమే పెద్ద పని. వంతెన మధ్యలో ఆగి కింద పడవ కనుమరుగయ్యేదాకా చూడాలి, పావురం వెంట పడాలి, వీధి సంగీతకారుడి ముందు నిలబడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఉన్నప్పుడు పూటకు ఒక చోటు, రోజుకు రెండు చోట్లు అనుకుంటే సరిపోతుంది. ఆ రెండింటిలో ఒకటి పరుగెత్తడానికి వీలున్న ఆరుబయలు అయి ఉండాలి. అలా చూస్తే వారంలో లండన్ అంతా పూర్తి కాదు. కానీ చూసినంత మేరకు పిల్లలకు గుర్తుండిపోతుంది, పెద్దలకూ అంతే.

ఎప్పుడు వెళ్లాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. లండన్ చూడటానికి ఇది మంచి కాలం. ఇంగ్లండ్ బడులు వేసవికి మూసేది జులై చివరి వారంలోనే. ఈస్టర్ సెలవులు, మే చివరి వారం మినహాయిస్తే మన సెలవుల్లో అక్కడి పిల్లలు బడిలోనే ఉంటారు. మామూలు రోజుల్లో పొద్దున బడిపిల్లల గుంపులు మ్యూజియాలకు వస్తాయి. మధ్యాహ్నం రెండు దాటాక అవి వెళ్లిపోతాయి. ఆగస్టులో, అక్టోబరు చివర టర్మ్ మధ్యలో వచ్చే సెలవుల్లో మాత్రం నేచురల్ హిస్టరీ మ్యూజియంలో డైనోసార్ల గది ముందు వరుస చాలా పొడవు.

వెలుతురు సంగతీ చూసుకోవాలి. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటాకే. పిల్లలు ‘ఇంకా పొద్దు పోలేదుగా’ అని పడుకోరు, అందుకే మందపాటి కర్టెన్లున్న గది వెతుక్కోవడం మేలు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. అప్పుడు దీపాలంకరణలు బాగుంటాయి గానీ పార్కులో గడిపే సమయం సగానికి పడిపోతుంది. మేలో కూడా పొద్దునా సాయంత్రం చలి ఉంటుంది. ఒక్క మందపాటి కోటు కంటే ఒకదానిమీద ఒకటి వేసుకుని విప్పుకునే మూడు పలుచని పొరలు నయం. టోపీ ఉన్న వానకోటు తప్పనిసరి. గాలికి గొడుగు నిలవదు.

వీసా విషయంలో ఒక సంగతి మరవకూడదు. బ్రిటన్ షెంగెన్ దేశాల్లో లేదు. పారిస్, రోమ్ చూడటానికి తీసుకున్న వీసా లండన్‌కు పనికిరాదు. చంటిపిల్లలకు కూడా విడిగా దరఖాస్తు పెట్టాలి.

మొదటి తెల్లవారుజాము

హైదరాబాద్ నుంచి హీత్రోకు నేరుగా వెళ్లినా విమానంలో పది గంటలు కూర్చోవాలి. వేసవిలో భారత కాలం లండన్ కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో అయిదున్నర. ఇంటి దగ్గర ఏడింటికి లేచే పిల్ల మేలో లండన్‌లో తెల్లవారుజామున రెండున్నరకే కళ్లు తెరిచి ఆకలంటుంది. మొదటి రెండు మూడు రోజులు ఇది తప్పదు. గదిలో పాలు, బిస్కెట్లు, అరటిపళ్లు ముందు రోజే కొని పెట్టుకోవాలి.

ఆ మెలకువను పోట్లాడి ఆపేకంటే వాడుకోవడం తెలివైన పని. హైడ్ పార్క్ ఉదయం అయిదింటికే తెరుస్తారు. మే, జూన్ నెలల్లో ఆ వేళకు బాగా తెల్లవారి ఉంటుంది. సర్పెంటైన్ చెరువులో హంసలు, బాతులు, ఒడ్డున పరుగు తీసేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు తప్ప జనం ఉండరు. ఆ పార్కు అంచున రాజు అశ్వదళం బ్యారక్ ఉంది. పొద్దున గుర్రాలను వ్యాయామానికి బయటికి తీసుకొస్తారు. మొదటి రోజు ఏ టికెట్టూ కొనకుండా ఇలా గడిపేసి, మధ్యాహ్నం కునుకు తీసి, రాత్రి ఎనిమిది దాకా ఎలాగోలా మెలకువగా ఉంచితే మూడోనాటికి పిల్లల గడియారం సర్దుకుంటుంది. ఖరీదైన టికెట్లేవీ మొదటి రెండు రోజులకు కొనకపోవడం మంచిది.

రైలు, బస్సు కూడా చూడదగ్గవే

ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు నడిచింది ఇక్కడే, 1863లో, పాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ దాకా. అప్పట్లో సొరంగంలో ఆవిరి ఇంజన్లు లాగేవి. ఇప్పుడు 272 స్టేషన్లున్నాయి. వయసు మీద పడిన ఈ రైలుతో చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఒక చిక్కుంది. వీధి నుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లు లేకుండా చేరగలిగే స్టేషన్లు మూడో వంతు మాత్రమే. స్ట్రోలర్‌ను, నిద్రపోతున్న పిల్లను, సంచిని మోస్తూ మెట్లు ఎక్కడం ఇద్దరు పెద్దలున్నా కష్టం. స్టేషన్ల మ్యాప్‌లో చక్రాల కుర్చీ గుర్తు ఉన్నచోటే ఎక్కి, గుర్తు ఉన్నచోటే దిగేలా దారి చూసుకోవాలి. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్‌లో మాత్రం ఏ స్టేషన్‌లోనూ ప్లాట్‌ఫాం చేరడానికి మెట్లెక్కనక్కర్లేదు. హీత్రో నుంచి నగరంలోకి రావడానికి పిల్లలున్నవాళ్లకు ఇదే హాయి. ఎస్కలేటర్ మీద నిలబడేవాళ్లు కుడి పక్కన నిలవాలి. నడిచేవాళ్లకు ఎడమ పక్క వదలాలి. మన పిల్లలకు ఇది ముందే చెప్పిపెడితే వెనక నుంచి హడావుడిగా వచ్చేవాళ్లతో ఇబ్బంది ఉండదు.

అయినా పిల్లలతో తిరగడానికి రైలు కంటే రెండంతస్తుల ఎర్రబస్సు మేలు. సొరంగంలో చీకటి తప్ప ఏమీ కనపడదు. బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికితే నగరమంతా అద్దం ముందుకు వస్తుంది. విడిగా తిరిగే పర్యాటక బస్సులకు కుటుంబమంతటికీ పెద్ద మొత్తం కట్టాల్సిన పనిలేదు. 15వ నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఎక్కితే సెయింట్ పాల్ కెథడ్రల్ పక్క నుంచి టవర్ ఆఫ్ లండన్ దాకా తీసుకెళ్తుంది. 9వ నంబరు హైడ్ పార్క్ మూల మీదుగా రాయల్ ఆల్బర్ట్ హాల్ ముందు నుంచి వెళ్తుంది. బస్సులో నగదు తీసుకోరు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో ఆయిస్టర్ కార్డో తాకించాలి. ఒకసారి తాకించాక గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ చార్జీ పడదు. పిల్ల మధ్యలో బాత్రూమంటే దిగిపోయి, తర్వాతి బస్సు ఎక్కడానికి దీనివల్ల జంకు ఉండదు. స్ట్రోలర్‌ను మడవకుండా నిలిపే స్థలం బస్సులో ఉంటుంది గానీ అది ముందుగా చక్రాల కుర్చీవారిది. అలాంటివారు ఎక్కితే స్ట్రోలర్ మడిచేయాలి. ఒంటిచేత్తో మడవగలిగే తేలిక బండి తీసుకెళ్లడానికి ఇదే కారణం.

1987లో మొదలైన డాక్‌ల్యాండ్స్ తేలిక రైలుకు డ్రైవరు క్యాబిన్ ఉండదు. ముందు పెట్టెలో మొదటి సీట్లు ప్రయాణికులవే. ఆ సీట్లో కూర్చున్న అయిదేళ్ల పిల్లాడు తనే రైలు నడుపుతున్నాననుకుంటాడు. ఎదురుగా పట్టాలు, వంపులు, సొరంగాలు వస్తుంటే పక్కన పెద్దలు కూడా కాసేపు అలాగే అనుకుంటారు.

రైళ్లంటే పడి చచ్చే పిల్లలకు కోవెంట్ గార్డెన్‌లోని ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. అక్కడ గుర్రాలు లాగిన బస్సు నుంచి పాత ఎర్రబస్సుల దాకా ఉన్నాయి. పిల్లలకు ఉచితం. పెద్దల టికెట్ ఏడాదంతా చెల్లుతుంది. క్లార్కెన్‌వెల్‌లోని పోస్టల్ మ్యూజియంలో 1927 నుంచి 2003 దాకా ఉత్తరాల సంచులను నేల కింద మోసిన చిట్టి రైలు పట్టాల మీద ఇప్పుడు మనుషులను తిప్పుతారు.

తిమింగలం కింద

దక్షిణ కెన్సింగ్టన్‌లో మూడు పెద్ద మ్యూజియాలు పక్కపక్కనే ఉన్నాయి. 1851 మహా ప్రదర్శనలో మిగిలిన లాభంతో ఈ ప్రాంతంలో భూములు కొన్నారు. ఆ భూముల్లోనే ఇవి వెలిశాయి. మెట్రో స్టేషన్ నుంచి మ్యూజియాల దాకా 1885లో కట్టిన కాలినడక సొరంగం ఉంది. వానలో తడవకుండా వెళ్లొచ్చు. మూడింటినీ ఒకే రోజు చూపాలనుకోవడమే ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. ఒక్కోదానికి ఒక పూట ఇవ్వాలి. అది కుదరకపోతే ఒకటి వదిలేయాలి.

నేచురల్ హిస్టరీ మ్యూజియం భవనమే మొదటి ప్రదర్శన. ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్ రూపకల్పనలో 1881లో తెరిచిన ఈ భవనం గోడలంతా కాల్చిన మట్టితో చేసిన జంతువులే. తూర్పు రెక్క మీద అంతరించిపోయిన జీవులు, పడమటి రెక్క మీద బతికున్న జీవులు ఉంటాయి. పెద్ద హాలులో కమానుల వెంట మట్టి కోతులు పైకి పాకుతుంటాయి. లోపలికి వెళ్లే వరుసలో పిల్లలు మారాం చేస్తుంటే ‘గోడ మీద ఎన్ని జంతువులున్నాయో లెక్కపెట్టు’ అంటే చాలు. వరుస కదిలినా కొందరు కదలరు.

హాలులో పైకప్పు నుంచి నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంది. పొడవు 25.2 మీటర్లు. 1891లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ తీరంలో ఒడ్డుకు చిక్కుకుని చనిపోయిన తిమింగలం అది. మునిగి వేటాడుతున్న భంగిమలో 2017లో ఇక్కడ వేలాడదీసి ‘హోప్’ అని పేరు పెట్టారు. అంతకుముందు అక్కడ నిలబడిన డైనోసార్ నమూనా డిప్పీ తరతరాల లండన్ పిల్లలకు నేస్తం. దాన్ని తీసేసినప్పుడు పెద్దలే బాగా నొచ్చుకున్నారు. డైనోసార్ల విభాగంలో కదిలే, గర్జించే టైరనోసారస్ బొమ్మ ఉంది. ఏడేళ్ల పిల్లలకు అది పండగ. మూడేళ్లవాళ్లు బావురుమని తల్లి మెడను చుట్టేసుకుంటారు. గర్జన వినపడగానే పిల్ల అడుగు ఆగిందంటే ఆ మలుపు తిరగకుండా వెనక్కి రావడమే దయ. జపాన్‌లోని కోబెలో 1995లో వచ్చిన భూకంపాన్ని ఒక దుకాణం గదిలో నిలబెట్టి అనుభవింపజేసే చోటు కూడా ఇక్కడుంది. ప్రవేశం ఉచితమైనా సమయం ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే వరుసలో నిలబడే బాధ తగ్గుతుంది.

సైన్స్ మ్యూజియంలో 1969లో చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చిన అపోలో-10 కమాండ్ మాడ్యూల్ ఉంది. భూవాతావరణంలోకి తిరిగొస్తూ కాలిన మచ్చలు దాని ఒంటి మీద అలాగే ఉన్నాయి. ఇప్పటికీ మిగిలిన ఆవిరి రైలింజన్లలో అన్నిటికంటే పాతదైన ‘పఫింగ్ బిల్లీ’ కూడా ఇక్కడే ఉంది. అయితే నాలుగేళ్లవాళ్లను ఈ రెండూ ఎంతోసేపు ఆపలేవు. వాళ్లకు నేలమాళిగలో ‘గార్డెన్’ అనే ఆటస్థలం ఉంది. అక్కడ నీటిని మళ్లించడం, పడవలు వదలడం వాళ్ల పని. మార్చుకోవడానికి ఒక జత బట్టలు సంచిలో ఉండాలి.

మూడోది విక్టోరియా అండ్ ఆల్బర్ట్. కళావస్తువుల మ్యూజియం అనగానే పిల్లలకు విసుగనుకుంటారు. దాని నడుమ పెరట్లో అండాకారపు లోతులేని నీటి కొలను ఉంది. ఎండ కాసిన రోజున నగరపు పిల్లలంతా అందులో కాళ్లు తడుపుకుంటూ కనిపిస్తారు, ఎవరూ వద్దనరు. లోపల టిప్పు సుల్తాన్ పులి ఉంది. ఆంగ్ల సైనికుడి మీద పడిన ఈ కొయ్యపులి కడుపులో చిన్న ఆర్గాన్ వాద్యం దాగుంది. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక అక్కడి నుంచి తెచ్చారు. బెత్నల్ గ్రీన్‌లో ఇదే సంస్థవారి పిల్లల మ్యూజియం 2023లో ‘యంగ్ వి అండ్ ఎ’ పేరుతో కొత్తగా తెరుచుకుంది. పాకే పిల్లల నుంచి పద్నాలుగేళ్లవాళ్ల దాకా అంతా వాళ్ల కోసమే. వాన పట్టువిడవని రోజున ఇంతకంటే మంచి చోటు ఇంకోటి లేదు.

కృష్ణ ఒడ్డు నుంచి వెళ్లినవి

తెలుగు పిల్లలకు లండన్‌లో రెండు చోట్ల సొంత కథ ఉంది. రెండూ కృష్ణా తీరానివే.

ఒకటి టవర్ ఆఫ్ లండన్. విలియం రాజు కాలంలో, 1070ల చివర మొదలైన తెల్ల బురుజు చుట్టూ పెరిగిన కోట ఇది. ఇక్కడి ఆభరణశాలలో రాజమాత ఎలిజబెత్ కిరీటంలో కోహినూర్ వజ్రం ఉంది. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటిలో ఉంది. 1849లో పంజాబ్‌ను ఈస్టిండియా కంపెనీ కలుపుకున్నప్పుడు ఒప్పందంలో భాగంగా ఈ వజ్రాన్ని వదులుకున్న మహారాజు దులీప్ సింగ్ వయసు పదేళ్లు. ఎదురుగా నిలబడి చూస్తున్న పిల్లల ఈడువాడు. వాళ్లకు చెప్పాల్సిన సంగతి వజ్రం వెల కంటే ముందు ఇదే. 1852లో ఇంకా మెరవాలని సానబట్టించారు, 186 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు తగ్గింది. ప్రధాన కిరీటాల ముందు కదిలే బెల్టు ఉంటుంది. దాని మీద నిలబడితే ముందుకు లాక్కుపోతుంది. కొందరు పిల్లలు కిరీటం కోసం కాకుండా బెల్టు కోసమే మళ్లీ వెళ్దామంటారు, వెళ్లొచ్చు కూడా. కోట తెరిచిన వెంటనే ముందుగా ఇక్కడికి వస్తే వరుస చిన్నది.

టవర్‌లో పిల్లల మనసు దోచేది నగల కంటే జంతువుల కథ. ఆరు వందల ఏళ్ల పాటు ఈ కోటలో రాజుల జంతుశాల ఉండేది. 1252లో నార్వే రాజు పంపిన తెల్ల ఎలుగుబంటిని తాడు కట్టి థేమ్స్‌లోకి వదిలితే అది చేపలు పట్టుకుని తినేది. 1255లో ఫ్రాన్స్ రాజు ఏనుగును పంపాడు. 1830లలో ఈ జంతుశాలను మూసేశారు. ఆ జంతువుల తీగబొమ్మలను ఇప్పుడు కోటలో అక్కడక్కడా నిలబెట్టారు. వాటిని వెతకడమే పిల్లలకు ఓ ఆట. నల్ల కాకోలాలు మాత్రం నిజమైనవి. ఆరు కాకోలాలు ఎప్పుడూ కోటలో ఉండాలని, అవి వెళ్లిపోతే రాజ్యం కూలుతుందని ఐతిహ్యం. వాటిని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నాడు. వేలు పెడితే పొడుస్తాయి, పిల్లల్ని దూరంగా నిలబెట్టాలి. తెల్ల బురుజులో మెట్లు ఇరుకు, స్ట్రోలర్ బయటే వదలాలి.

రెండోది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి గది, నంబరు 33ఏ. 1797లో కాలిన్ మెకంజీ చూసి రాసిపెట్టిన మహాస్తూపాన్ని 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాలు మద్రాసులో కొన్నాళ్లు పడి ఉండి, 1859లో ఓడ మీద లండన్ చేరాయి. 1880లో ఈ మ్యూజియం చేతికి వచ్చాయి. పల్నాటి సున్నపురాతి పలకలివి. వాటిలో ఒక పలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది. గుమ్మటం, ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, పైన పూలదండలతో గాలిలో తేలే దేవతలు, అన్నీ కనిపిస్తాయి. అమరావతిలో ఇవాళ కనపడని నిండు స్తూపం ఆకారం పిల్లలకు చూపడానికి దీనికి సాటి లేదు. అదే రాయి వెనక వైపు ఇంకా పాత చెక్కడం ఉంది, బోధివృక్షాన్ని కొలుస్తున్న భక్తులు అందులో ఉన్నారు. ఒక కాలంవాళ్లు చెక్కిన రాయినే తర్వాతివాళ్లు తిప్పి మళ్లీ వాడుకున్నారు. ఈ గదిలో సాధారణంగా జనం పలుచగా ఉంటారు. ఈజిప్టు మమ్మీల గదుల్లో మాత్రం తొక్కిసలాట. పిల్లలు ఎలాగూ మమ్మీలే అడుగుతారు గనుక పొద్దున తలుపు తెరవగానే పైకెక్కి అవి చూసి, తర్వాత అమరావతికి దిగిరావడం మంచిది. ఏడాది వయసు నుంచి పదేళ్ల దాకా గంటన్నర మించి ఈ మ్యూజియంలో ఎవరూ నిలవరు.

అక్కడి నుంచి కాలినడకన పావుగంటలో కోరమ్స్ ఫీల్డ్స్ వస్తుంది. వదిలేసిన పసిబిడ్డల కోసం 1739లో థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ స్థాపించిన ఆశ్రమం ఒకప్పుడు ఉన్న స్థలమిది. ఆశ్రమం ఊరి బయటికి తరలిపోయాక ఈ నేలను భవనాలు మింగకుండా కాపాడి 1936లో పిల్లల ఆటస్థలం చేశారు. ఏడెకరాల గడ్డి, ఇసుక, ఉయ్యాలలు ఉన్నాయి. పిల్లలు వెంట లేని పెద్దలకు లోపలికి ప్రవేశం లేదు. మ్యూజియంలో ‘ముట్టుకోకు, పరుగెత్తకు’ అని విన్న పిల్లలకు ఇక్కడ గడిపే గంట హక్కు.

గుర్రాలు, పెలికన్లు, పీటర్ పాన్

బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మారే తంతు వారంలో కొన్ని రోజులే, పదకొండు గంటల వేళ. గంట ముందే వచ్చి కమ్మీల దగ్గర నిలబడినవారికి తప్ప చిన్నపిల్లలకు మనుషుల వీపులే కనపడతాయి. అంతకంటే వైట్‌హాల్ పక్కన హార్స్ గార్డ్స్ దగ్గరికి వెళ్లడం మేలు. అక్కడ అశ్వదళం కాపలా మామూలు రోజుల్లో పదకొండింటికి, ఆదివారం పదింటికి మారుతుంది. మైదానం విశాలం. గుర్రాలు దగ్గరగా కనిపిస్తాయి. మరీ దగ్గరికెళ్తే కరుస్తాయి, తంతాయి. అక్కడి బోర్డే ఆ మాట చెబుతుంది. రోడ్డు దాటితే సెయింట్ జేమ్స్ పార్క్. 1664లో రష్యా రాయబారి రెండో చార్లెస్ రాజుకు పెలికన్ పక్షులను కానుకగా ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ చెరువులో పెలికన్లు ఉంటున్నాయి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వాటికి చేపలు వేస్తారు.

కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో డయానా జ్ఞాపకార్థం 2000లో తెరిచిన ఆటస్థలం నడుమ పెద్ద కొయ్య ఓడ ఉంది. పీటర్ పాన్ కథలోని సముద్రపు దొంగల ఓడ అది. మరమ్మతులకు మూసే కాలాలుంటాయి గనుక ముందు కనుక్కుని వెళ్లాలి. దగ్గర్లోనే పీటర్ పాన్ విగ్రహం ఉంది. రచయిత జె.ఎం.బారీ 1912లో ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి పెట్టించాడు, మే ఒకటి పొద్దున పార్కుకొచ్చిన పిల్లలకు అది ఎలా వచ్చిందో తెలియకూడదని. 1929లో ఆ కథ హక్కులను ఆయన గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చాడు. లండన్‌లో పిల్లల కోసం జరిగిన మంచి పనుల్లో దీన్ని ముందు వరుసలో చెప్పాలి.

రీజెంట్స్ పార్క్ జంతుశాలకు టికెట్ ఖరీదు ఎక్కువ. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు చూసిన పిల్లలకు అది కొత్తగా ఇచ్చేదీ తక్కువే. దానికొక కథ మాత్రం ఉంది. 1914లో కెనడా సైనికాధికారి ఒకరు తన ఆడ ఎలుగుబంటి విన్నీని ఇక్కడ వదిలి యుద్ధానికి వెళ్లాడు. దాన్ని చూసి మురిసిన క్రిస్టఫర్ రాబిన్ అనే బాలుడు తన బొమ్మకు ఆ పేరు పెట్టుకున్నాడు. అతని తండ్రి ఎ.ఎ.మిల్నే 1926లో ‘విన్నీ ద పూ’ రాశాడు. పిల్లల కథల్లోని మరో ఎలుగుబంటి పాడింగ్టన్ విగ్రహం అదే పేరున్న రైల్వే స్టేషన్లో ఉంది. దానికి టికెట్ అక్కర్లేదు. రీజెంట్ వీధిలోని హామ్లీస్ బొమ్మల కొట్టు 1760 నాటి వ్యాపారం. 2019 నుంచి రిలయన్స్ చేతిలో ఉంది. హైదరాబాద్ మాల్‌లో దాన్ని చూసిన పిల్లలకు కొత్త లేదు, కొనిపించకుండా బయటికి తేవడమూ తేలిక కాదు.

నది వెంట ఒక రోజు

ఒక్క రోజు మాత్రమే ఉన్నవాళ్లకు కూడా సూచించదగ్గ దారి ఒకటి ఉంది. టవర్ దగ్గర టవర్ గేట్‌వే స్టేషన్లో డ్రైవరు లేని రైలెక్కి ముందు సీట్లో కూర్చుని, మధ్యలో రైలు మారి ఐలాండ్ గార్డెన్స్‌లో దిగాలి. అక్కడి నుంచి థేమ్స్ నది కింద 1902లో కట్టిన కాలినడక సొరంగం ఉంది. తెల్ల పలకల గోడలు, చల్లని గాలి, అరిస్తే తిరిగొచ్చే ప్రతిధ్వని. తలమీద నది పారుతోందన్న మాట వినగానే పిల్లలు గట్టిగా అరవడం ఆపి పైకి చూస్తారు. లిఫ్టు పని చేయని రోజులుంటాయి, మెట్లు వందకు అటూ ఇటూ. అవతల ఒడ్డున పైకి వస్తే ఎదురుగా 1869 నాటి తేయాకు ఓడ కటీ సార్క్. కొండ మీద 1675లో స్థాపించిన రాయల్ అబ్జర్వేటరీ, ప్రపంచం 1884లో ఒప్పుకున్న సున్నా రేఖాంశం ఉన్నాయి. తూర్పు అర్ధగోళంలో ఒక కాలు, పడమటిలో ఒక కాలు పెట్టడం పిల్లలకు భలే నచ్చుతుంది. కొండ దిగేటప్పుడు గడ్డిలో దొర్లుకుంటూ రావొచ్చు. తిరుగు ప్రయాణం పడవలో చేయాలి. టవర్ బ్రిడ్జ్ దగ్గర దిగితే 1894 నాటి ఆ వంతెన పైకి లేవడం చూడొచ్చు. ఏడాదికి ఎనిమిది వందల సార్ల దాకా లేస్తుంది, సమయాలను ముందుగానే ప్రకటిస్తారు. చూడటానికి డబ్బు లేదు. అక్కడికి కొద్ది దూరంలో ఉన్న 311 మెట్ల మాన్యుమెంట్ స్తంభం 1666 మహా అగ్నిప్రమాద స్మారకం. చివరిదాకా ఎక్కినవాళ్లకు ధ్రువపత్రం ఇస్తారు. ఆరేళ్లు దాటి, ఎత్తుకొమ్మనని హామీ ఇచ్చినవాళ్లనే తీసుకెళ్లాలి.

తిండి, నీళ్లు, బాత్రూమ్

పంపు నీళ్లు తాగడానికి పనికొస్తాయి. సీసా వెంట ఉంటే చాలు. సూపర్‌మార్కెట్లో తీపి లేని పెరుగు డబ్బాలు, వండిన అన్నం పొట్లాలు దొరుకుతాయి. రెండూ కలిపితే పెరుగన్నం అయిపోతుంది, కాస్త ఆవకాయ ఇంటి నుంచి తీసుకెళ్లాలి. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ హోటల్ గది కంటే ఎక్కువ ఖరీదైనా పిల్లల కుటుంబానికి అదే కలిసొస్తుంది. యూస్టన్ స్టేషన్ వెనక డ్రమండ్ వీధిలో శాకాహార భోజనశాలలున్నాయి. ఈస్ట్ హామ్, టూటింగ్‌లలో ఇడ్లీ, దోశెలకు కొరత లేదు. పార్కులో చాప పరిచి తినడం మర్యాద తక్కువ కాదు, లండన్‌వాళ్లూ అదే చేస్తారు.

వీధుల్లో మరుగుదొడ్లు తక్కువ. యూస్టన్, పాడింగ్టన్, కింగ్స్ క్రాస్ వంటి పెద్ద రైల్వే స్టేషన్లలో 2019 నుంచి ఉచితం. చాలా భూగర్భ స్టేషన్లలో అసలు లేవు. మ్యూజియం నుంచి బయటికి వచ్చే ముందు ‘రాలేదు’ అన్నా సరే పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లడం నియమంగా పెట్టుకోవాలి. జ్వరం సిరప్ ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతుంది. అత్యవసరం కాని ఆరోగ్య సలహాకు 111, ప్రమాదానికి 999. ఆసుపత్రి ఖర్చు పర్యాటకులకు భారీగా పడవచ్చు, ప్రయాణ బీమాలో పిల్లల పేర్లు ఉండాలి.

మెట్రో రైలు తలుపులు చూస్తుండగానే మూసుకుంటాయి. పిల్ల లోపల, పెద్దలు బయట ఉండిపోతే ఏం చేయాలో ముందే చెప్పాలి. పిల్ల తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే ప్లాట్‌ఫాం మీద నిలబడాలి, పెద్దలు తర్వాతి రైల్లో వస్తారు. పెద్దలే లోపల ఉండిపోతే పిల్ల ఉన్నచోటే కదలకూడదు. బస చిరునామా, అక్కడ పనిచేసే ఫోన్ నంబరు రాసిన చీటీ ప్రతి పిల్ల జేబులోనూ ఉండాలి. బొమ్మలు పోవడం పిల్లలు పోవడం కంటే చాలా తరచు. బస్సులో, మెట్రోలో మరిచిన వస్తువులకు నగర రవాణా సంస్థకు ప్రత్యేక కార్యాలయం ఉంది. ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేయాలి. బస్సు నంబరు, ఎక్కిన వేళ, బొమ్మ రంగు, చిరిగిన చెవి లాంటి గుర్తు రాస్తే వెతకడం సులువవుతుంది. అందుకని పిల్ల వదలని బొమ్మకు ప్రయాణం మొదటి రోజే ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోవాలి.